స్ట్రిక్లాండ్: ఒక దీవి, రెండు ఓడలు

ఈ సంచిక టాపిక్ "వలస" అని క్లబ్ గ్రూప్‌లో పెట్టిన పది నిమిషాల్లో సగం మంది అమెరికా, మిగతా సగం మంది గల్ఫ్ తీసేసుకున్నారు. నేను మెసేజ్ లేటుగా చూశాను. అప్పటికి నాకేం మిగల్లేదు.

ఆ వారం హాస్టల్లో అంతా వీసా గొడవే. ఫైనలియర్ అన్నలు స్లాట్ల కోసం రాత్రి రెండింటి దాకా పేజీ రీఫ్రెష్ చేస్తూ కూర్చునేవాళ్ళు. మా పక్క రూమ్ అన్నకి రిజెక్ట్ అయింది. మార్కులున్నాయి, ఇంగ్లిష్ నాకంటే బాగా మాట్లాడతాడు, పేపర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎందుకు రిజెక్ట్ చేశారో ఆ కాగితం చదివితే మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. ఆ రాత్రి నాకో డౌట్ వచ్చింది. ఒక దేశంలోకి రావడానికి పెట్టిన పరీక్షల్లో చరిత్రలో అన్నిటికంటే అన్యాయమైంది ఏది? అలా వెతుకుతూ వెళ్తే 1916లో ఆస్ట్రేలియా రేవులో ఆగిపోయిన ఒక ఓడ దొరికింది. ఆ ఓడ నుంచి అదే కాలంలో అదే ఆస్ట్రేలియాలో గవర్నర్‌గా ఉన్న ఒక మనిషి దొరికాడు. ఓడలోవాళ్ళదీ ఆయనదీ ఒకటే దీవి. అక్కడ మొదలైన చదువు నెల రోజులు నడిచింది. ఈ వ్యాసం ఆ మనిషి గురించి.

ఆయన పేరు జెరాల్డ్ స్ట్రిక్లాండ్. మాల్టాలో ఈ పేరు తెలియనివాళ్ళు తక్కువ. మన దగ్గర తెలిసినవాళ్ళు తక్కువ.

దీవి

ముందు మాల్టా గురించి రెండు ముక్కలు. ఇటలీ కింద సిసిలీ ఉంటుంది కదా, దానికి ఇంకా కింద, మధ్యధరా సముద్రం మధ్యలో ఉన్న చుక్క అది. మొత్తం 316 చదరపు కిలోమీటర్లు. అంటే పాత జీహెచ్ఎంసీ పరిధిలో సగం కూడా లేదు. నదులు లేవు, అడవులు లేవు, ఉన్నదంతా సున్నపురాయి. కానీ మంచి ఓడరేవు ఉంది. అందుకే ఫినీషియన్లు, రోమన్లు, అరబ్బులు, సెయింట్ జాన్ నైట్లు, నెపోలియన్, చివరికి 1800లో బ్రిటిష్‌వాళ్ళు, అందరూ వచ్చారు. వచ్చినవాళ్ళలో చాలామంది ఉండిపోయారు. మాల్టీస్ భాష అరబిక్ కుటుంబానికి చెందింది, రాసేది మాత్రం రోమన్ లిపిలో. ఒక్క ఈ విషయం చాలు, ఆ దీవికి ఎవరెవరు వచ్చి స్థిరపడ్డారో చెప్పడానికి.

వచ్చేవాళ్ళు ఎంతమందో వెళ్ళేవాళ్ళూ అంతమందే. 19వ శతాబ్దంలో జనం పెరిగారు, పొలం పెరగలేదు. బతుకు మొత్తం బ్రిటిష్ నేవీ మీద, డాక్‌యార్డ్ మీద ఆధారపడింది. నేవీకి పని ఉంటే ఊరికి తిండి, లేకపోతే లేదు. అందుకని మాల్టీస్ కూలీలు, రాళ్ళు కొట్టేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు అల్జీరియా, ట్యునీసియా, ట్రిపోలీ, ఈజిప్ట్ వెళ్ళేవాళ్ళు. అవి దగ్గర. బాగోకపోతే తిరిగి రావచ్చు. ఆస్ట్రేలియా అలా కాదు. 1883లో దాదాపు 70 మంది క్వీన్స్‌లాండ్ చెరకు తోటల పనికని బయల్దేరి టౌన్స్‌విల్‌లో దిగారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అటు పెద్దగా ఎవరూ పోలేదు. మళ్ళీ 1910 తర్వాతే ఊపందుకుంది.

రెండు ఇళ్ళ అబ్బాయి

స్ట్రిక్లాండ్ 1861 మే 24న వలెట్టాలో పుట్టాడు. తండ్రి వాల్టర్ ఇంగ్లిష్ నేవీ అధికారి. ఉత్తర ఇంగ్లాండ్‌లో సైజర్ అనే కోటలో తరతరాలుగా ఉన్న కేథలిక్ వంశం వాళ్ళది. తల్లి లూయీసా బోనిచీ మాల్టా జమీందారీ కుటుంబం. తల్లి వైపు నుంచి పధ్నాలుగేళ్ళకే కౌంట్ అనే బిరుదు, దాంతోపాటు భూములు వచ్చాయి.

కాబట్టి ఈయన మన సినిమాల్లో చూపించే పేద హీరో కాదు. ముందే చెప్పేస్తున్నాను. చదువు ఇంగ్లాండ్‌లో కొంత, రోమ్ దగ్గర జెసూట్ల కాలేజీలో కొంత, చివర్లో కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో లా. కేంబ్రిడ్జ్ యూనియన్ అనే పేరున్న డిబేట్ క్లబ్‌కి అధ్యక్షుడు కూడా అయ్యాడు. ఇంగ్లిష్, ఇటాలియన్ రెండూ ధారాళం.

ఇరవై అయిదు, ఇరవై ఆరేళ్ళ వయసులోనే మాల్టా రాజకీయాల్లో దిగాడు. ఫోర్తునాతో మిజ్జీ అనే నాయకుడితో కలిసి లండన్ వెళ్ళి దీవికి కొత్త రాజ్యాంగం అడిగాడు. 1887లో అది వచ్చింది కూడా. మాల్టీయులకి ప్రభుత్వ మండలిలో ఎన్నికైనవాళ్ళ మెజారిటీ దొరికింది. ఇద్దరూ కలిసి సాధించిన రాజ్యాంగం అది. తర్వాత జీవితాంతం స్ట్రిక్లాండ్‌కీ మిజ్జీ వర్గానికీ పడలేదు. కారణం భాష.

వంటింటి భాష

ఈ భాగం నాకు బాగా తగిలింది కాబట్టి కొంచెం ఆగి చెప్తాను.

ఆ రోజుల్లో మాల్టాలో కోర్టు, చర్చి, చదువుకున్న ఇళ్ళు అన్నీ ఇటాలియన్‌లో నడిచేవి. పాలించేవాళ్ళది ఇంగ్లిష్. జనం మాట్లాడుకునేది మాల్టీస్. మాల్టీస్‌ని ఎవరూ లెక్కచేసేవాళ్ళు కాదు. అది వంటింట్లో పనికొచ్చే భాష అని పెద్దవాళ్ళ అభిప్రాయం. ఒక రైతు మీద కేసు పడితే, తన కేసులో వకీళ్ళు ఏం వాదించుకుంటున్నారో అతనికి అర్థమయ్యేది కాదు.

1889లో 28 ఏళ్ళకే స్ట్రిక్లాండ్ మాల్టా ప్రభుత్వానికి చీఫ్ సెక్రటరీ అయ్యాడు. 1902 దాకా, అంటే 13 ఏళ్ళు, దీవిలో గవర్నర్ తర్వాత ఆయనే. ఆయన పట్టుదల అంతా ఇటాలియన్‌ని పక్కకి జరిపి ఇంగ్లిష్‌నీ మాల్టీస్‌నీ పైకి తేవడం మీదే. ఇందులో రాజకీయం ఉంది, కాదనలేం. కొత్తగా ఏకమైన ఇటలీ వైపు మాల్టా ఒరిగిపోకుండా బ్రిటిష్‌వాళ్ళకి ఇది అవసరం. కానీ జనానికి కూడా ఒక లెక్క ఉంది. ఇటాలియన్ వకీలుకి అన్నం పెడుతుంది. డాక్‌యార్డ్‌లో ఉద్యోగానికి ఇంగ్లిష్ కావాలి. ఓడెక్కి బయటికి పోవాలన్నా ఇంగ్లిషే కావాలి. పిల్లలకి ఏ భాష చెప్పించాలో మీరే ఎంచుకోండి అని తల్లిదండ్రులకి వదిలేస్తే ఎక్కువమంది ఇంగ్లిష్ వైపే వెళ్ళారు.

ఇది మనకి కొత్తగా ఉందా? మా నాన్న నన్ను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో వేసింది సరిగ్గా ఇందుకే. నా తెలుగు కూడా వంటింటి తెలుగే. అమ్మమ్మతో మాట్లాడటానికి సరిపోతుంది. ఈ వ్యాసం రాయడానికి నాలుగుసార్లు నిఘంటువు తెరవాల్సి వచ్చింది. ఇంగ్లిష్ ఉంటే తలుపులన్నీ తెరుచుకుంటాయని మా ఇంట్లో అందరి నమ్మకం. స్ట్రిక్లాండ్ నమ్మకం కూడా అదే. మాల్టీయులు బ్రిటిష్ సామ్రాజ్య ప్రజలు, వాళ్ళకి ఇంగ్లిష్ వస్తే సామ్రాజ్యం మొత్తం వాళ్ళ ముందు తెరుచుకుంటుంది అన్నది ఆయన జీవితమంతా మోసిన ఆలోచన.

ఆయన విషయంలో అది నిజమైంది కూడా.

మొదటి ఓడ

1902లో ఆయన్ని వెస్టిండీస్‌లో లీవర్డ్ దీవులకి గవర్నర్‌గా పంపారు. 1904లో టాస్మానియా. 1909లో పశ్చిమ ఆస్ట్రేలియా. 1913లో న్యూ సౌత్ వేల్స్, అంటే సిడ్నీ రాజధానిగా ఉన్న రాష్ట్రం. వరసగా మూడు ఆస్ట్రేలియా రాష్ట్రాలకి గవర్నర్. మాల్టాలో పుట్టినవాడు, మాల్టా తల్లికి బిడ్డ, కేథలిక్. ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. కొత్త గవర్నర్ ఓడ దిగుతుంటే రేవులో సైనిక వందనం, జెండాలు, మేళతాళాలు ఉండేవి. ఆయన్ని ఎవరూ ఏ పరీక్షా రాయమనలేదు.

ఇప్పుడు ఆ పరీక్ష గురించి చెప్పాలి. దానికి మనవాళ్ళకీ సంబంధం ఉంది.

1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి మన తెలుగువాళ్ళు, తమిళులు వేల సంఖ్యలో దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి వెళ్ళారు. చెరకు తోటల్లో అయిదేళ్ళ ఒప్పందం మీద కూలి పని. ఒప్పందం అయిపోయాక కొందరు అక్కడే ఉండిపోయి కూరగాయలు పండించుకున్నారు, చిన్న వ్యాపారాలు పెట్టుకున్నారు. వాళ్ళతోపాటు సొంత ఖర్చులతో వచ్చిన గుజరాతీ వర్తకులు కూడా స్థిరపడ్డారు. అక్కడి తెల్లవాళ్ళకి ఇది నచ్చలేదు. కానీ భారతీయులు రాకూడదు అని చట్టంలో రాస్తే లండన్ ఒప్పుకోదు, ఎందుకంటే భారతీయులు కూడా అదే మహారాణి ప్రజలు. అందుకని 1897లో నాటాల్ ఒక తెలివైన పని చేసింది. జాతి పేరెత్తకుండా, వచ్చేవాడు ఏదైనా యూరప్ భాషలో దరఖాస్తు రాసివ్వాలి అని పెట్టింది. బ్రిటన్ వలసల మంత్రి జోసెఫ్ చాంబర్లెయిన్‌కి ఈ ఉపాయం నచ్చింది. మిగతా వలస రాజ్యాలకి కూడా ఇదే చూపించాడు.

1901లో ఆస్ట్రేలియా రాష్ట్రాలన్నీ ఒక దేశంగా కలవగానే మొదట చేసిన చట్టాల్లో ఇదొకటి. అక్కడ దాన్ని డిక్టేషన్ పరీక్షగా మార్చారు. అధికారి యూరప్ భాషల్లో తనకిష్టమైన భాషలో 50 పదాల పేరా చదువుతాడు, వచ్చినవాడు తప్పుల్లేకుండా రాయాలి. ఏ భాష అన్నది అధికారి ఇష్టం, రాసేవాడి ఇష్టం కాదు. ఇంగ్లిష్ వచ్చినవాడికి ఫ్రెంచ్ ఇవ్వచ్చు, ఫ్రెంచ్ వచ్చినవాడికి స్వీడిష్ ఇవ్వచ్చు. 1902 నుంచి 1909 దాకా 1,359 మందికి పెడితే 52 మంది పాసయ్యారు. 1909 తర్వాత ఒక్కళ్ళు కూడా పాస్ కాలేదు. 1958లో రద్దయ్యేదాకా సున్నా.

మన భాషలో చెప్పాలంటే, ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఫాల్స్ రిటర్న్ చేసే ఫంక్షన్ అది. పేరు మాత్రం పరీక్ష. అది చూసి నాకు నవ్వు వచ్చింది, వెంటనే పక్క రూమ్ అన్న గుర్తొచ్చాడు.

రెండో ఓడ

1914లో యుద్ధం వచ్చింది. 1915లో గల్లిపోలీ దగ్గర గాయపడ్డ ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ సైనికులని ఓడల్లో వేసుకుని మాల్టా ఆసుపత్రులకి తెచ్చారు. దీవి దీవంతా ఆసుపత్రి అయిపోయింది. మధ్యధరా సముద్రపు నర్సు అని మాల్టాకి అప్పుడే పేరొచ్చింది. మాల్టా కూలీలు కూడా గల్లిపోలీ వైపు పనికి వెళ్ళారు.

ఆ మరుసటి ఏడాది, 1916 సెప్టెంబర్‌లో, 214 మంది మాల్టీయులు ఆస్ట్రేలియాలో పని కోసం ఒక ఫ్రెంచ్ ఓడ ఎక్కారు. ఓడ పేరు గాంజ్. ఫ్రెంచ్‌లో ఆ మాటకి గంగ అని అర్థం. ఇది చదివినప్పుడు కాసేపు స్క్రీన్ అలాగే చూస్తూ ఉండిపోయాను. గంగ పేరున్న ఓడలో వెళ్తున్నవాళ్ళకి, మొదట మనవాళ్ళ కోసం తయారైన తలుపే అడ్డం పడింది.

వాళ్ళు వెళ్ళిన సమయం బాగోలేదు. ఆస్ట్రేలియా ప్రధాని బిల్లీ హ్యూస్ యువకుల్ని నిర్బంధంగా సైన్యంలో చేర్చుకుని యుద్ధానికి పంపాలని చూస్తున్నాడు. దాని మీద అక్టోబర్ 28న దేశమంతా ఓటు వేయాలి. మన కుర్రాళ్ళని యుద్ధానికి పంపేసి వాళ్ళ ఉద్యోగాల్లోకి చవక కూలీలని దింపుతారు అని కార్మిక సంఘాలు భయపడుతున్నాయి. అలాంటిదేమీ జరగదని హ్యూస్ మాటిచ్చాడు. సరిగ్గా అప్పుడే 214 మందితో ఓడ వస్తోంది. ఓటు కోసం ప్రచారం చేస్తున్నవాడికి ఇంతకంటే పెద్ద తలనొప్పి ఉండదు.

ఓడ మెల్‌బోర్న్ చేరింది. మాల్టీయులు బ్రిటిష్ ప్రజలు, యూరప్‌వాళ్ళు, కేథలిక్కులు. ఇంగ్లిష్‌లోనో ఇటాలియన్‌లోనో పరీక్ష పెడితే కొందరైనా పాసవుతారు. అందుకని డచ్‌లో పెట్టారు. వాళ్ళలో డచ్ వచ్చినవాళ్ళెవరు? అందరూ ఫెయిల్. ఓడని దింపుకోకుండా ఫ్రెంచ్‌వాళ్ళ దీవి న్యూ కాలెడోనియాకి, నుమేయా రేవుకి పంపేశారు. వాళ్ళని దూరంగా ఆపినా హ్యూస్ ఆ ఓటులో ఓడిపోయాడు, అది వేరే సంగతి. నెలల తరబడి ఆ కూలీలు నుమేయాలో ఉండిపోయారు. తర్వాత సిడ్నీకి తెచ్చారు కానీ ఒడ్డు ఎక్కనివ్వలేదు. బెర్రీస్ బే అనే చోట ఒక పాత ఓడలో ఉంచారు. ఎదురుగా ఊరు కనిపిస్తూ ఉంటుంది, దిగడానికి లేదు. మాల్టీస్ చర్చి ఫాదర్లు, అక్కడి మాల్టీయులు, కొందరు ఆస్ట్రేలియన్లు గట్టిగా అడిగాక 1917లో వాళ్ళని బయటికి వదిలారు. బిల్లీ హ్యూస్ పిల్లలు అని వాళ్ళకి ఒక వెటకారం పేరు మిగిలింది.

వాళ్ళని ఆ ఓడలో కూర్చోబెట్టిన రోజుల్లో సిడ్నీ ఉన్న రాష్ట్రానికి గవర్నర్ ఎవరు? స్ట్రిక్లాండ్. ఒకే దీవి బిడ్డలు, ఒకే ఊరు. ఆయన గవర్నర్, వాళ్ళు రేవులో ఖైదీలు.

ఇక్కడ ఆయన మీద కోపం తెచ్చుకోవడం సులువు. నాకూ మొదట వచ్చింది. కానీ ఒక విషయం చూడాలి. వలస కేంద్ర ప్రభుత్వం చేతిలోని అంశం. రాష్ట్ర గవర్నర్‌కి ఆ చట్టం మీద ఏ అధికారమూ లేదు. మనకి వీసా విషయంలో రాష్ట్ర గవర్నర్ ఎంతో అక్కడ ఆయనా అంతే. పైగా ఆ 1916 నవంబర్‌లో ఆయన కుర్చీ కూడా కదులుతోంది. ముఖ్యమంత్రి హోల్మన్ సైనిక నిర్బంధాన్ని సమర్థించినందుకు లేబర్ పార్టీ అతన్ని బయటికి పంపింది. అతను ప్రతిపక్షంతో చేయి కలిపి పదవిలో ఉండాలని, శాసనసభ గడువు పొడిగించాలని చూశాడు. ఇది సరికాదని స్ట్రిక్లాండ్ అడ్డం నిలబడ్డాడు. లండన్ హోల్మన్ పక్షమే వహించి స్ట్రిక్లాండ్‌ని వెనక్కి పిలిచింది. 1917 అక్టోబర్‌లో ఆయన పదవి ముగిసింది.

నాకు ఇందులో కనిపించింది ఇది. సామ్రాజ్యం నిచ్చెన లాంటిది, ఎక్కడం నేర్చుకుంటే చాలు అని నమ్మినవాడు ఆయన. ఆ నిచ్చెన ఎవరికి వేయాలో, ఎప్పుడు తీసేయాలో పైనున్నవాళ్ళ ఇష్టం. అది ఆ ఒక్క ఏడాదిలో రెండు రకాలుగా బయటపడింది. కూలీలకి డచ్ పరీక్ష రూపంలో, గవర్నర్‌కి లండన్ ఉత్తర్వు రూపంలో. ఆయన దిగింది ఇంటికి, వాళ్ళు దిగింది పాత ఓడలోకి. ఈ తేడా చిన్నది కాదు, కానీ ఆ ఇష్టం మాత్రం ఒకటే.

తిరిగి ఇంటికి

1918లో ఆయన భార్య ఎడెలీన్ చనిపోయింది. ఆయన మాల్టాకి తిరిగొచ్చి మళ్ళీ మొదటి నుంచి రాజకీయం మొదలుపెట్టాడు. అప్పటికి దీవి పరిస్థితి ఘోరం. యుద్ధం అయిపోయింది కాబట్టి డాక్‌యార్డ్‌లో వేలమందికి పని పోయింది, రొట్టె ధర పెరిగింది. 1919 జూన్ 7న వలెట్టాలో జనం తిరగబడితే సైన్యం కాల్పుల్లో నలుగురు చనిపోయారు. 1921లో బ్రిటన్ మాల్టాకి స్వపరిపాలన ఇచ్చింది.

పని పోయినవాళ్ళు మళ్ళీ ఓడలు ఎక్కారు. చాలామంది అమెరికాలో డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలకి వెళ్ళారు. 1921లో అమెరికా కోటా చట్టం తెచ్చి ఆ దారి బిగించేసింది. ఆస్ట్రేలియా ఏడాదికి 260 మంది అని లెక్క పెట్టింది. దీవిలో అప్పటికి రెండు లక్షలకి పైగా జనం.

స్ట్రిక్లాండ్ ఆ రోజుల్లో చేసిన ఒక పని నాకు భలే ఆశ్చర్యం అనిపించింది. 1924లో ఇంగ్లాండ్‌లో లాంకాస్టర్ నుంచి బ్రిటిష్ పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. అదే సమయంలో మాల్టా శాసనసభలో కూడా సభ్యుడే. ఒకే మనిషి రెండు చట్టసభల్లో. 1927లో లేబర్ పార్టీతో పొత్తు పెట్టుకుని గెలిచి మాల్టా ప్రధాని అయ్యాడు. 1928లో లార్డ్ బిరుదు వచ్చింది.

ప్రధానిగా ఆయన కాలం గొడవల కాలం. మెత్తగా మాట్లాడే మనిషి కాదు. ఎవరితోనైనా తగాదా వచ్చిందంటే చివరిదాకా లాగేవాడు. చర్చితో అలాగే పెట్టుకున్నాడు. 1930 మేలో ఇద్దరు బిషప్పులు కలిసి ఒక ప్రకటన చేశారు. స్ట్రిక్లాండ్ పార్టీకి, దాని మిత్రపక్షానికి ఓటేయడం మహాపాపం అని దాని సారాంశం. అంత భక్తి ఉన్న దీవిలో ఇంతకంటే పెద్ద దెబ్బ లేదు. అదే నెలలో కోర్టు భవనంలో ఒకడు ఆయన మీద కాల్పులు జరిపాడు. తగల్లేదు. ఎన్నికలు ఆగిపోయాయి. 1932లో ఎన్నికల ముందు ఆయన చర్చికి క్షమాపణ చెప్పుకున్నాడు. అయినా ఓడిపోయాడు. మళ్ళీ ప్రధాని కాలేదు.

కానీ భాష విషయంలో ఆయన పట్టిన దారే నిలిచింది. 1934లో మాల్టీస్, ఇంగ్లిష్‌తో పాటు అధికార భాష అయింది. కోర్టులోకి వంటింటి భాష వచ్చింది. తన కేసులో ఏం జరుగుతోందో రైతుకి అర్థమయ్యే రోజు వచ్చింది. ఇది ఒక్కడి పని అనడం తప్పు. భాష కోసం పనిచేసిన రచయితలు, వ్యాకరణవేత్తలు చాలామంది ఉన్నారు. కానీ అధికారంలో ఉండి దానికి తోడు నిలబడినవాళ్ళలో ఆయన పేరు ముందుంటుంది.

1935లో టైమ్స్ ఆఫ్ మాల్టా పత్రిక మొదలైంది, ఆయన కూతురు మేబెల్ సంపాదకత్వంలో పేరు తెచ్చుకుంది. ఆ పత్రిక ఇప్పటికీ వస్తోంది. 1940 జూన్‌లో ఇటలీ విమానాలు మాల్టా మీద బాంబులు వేయడం మొదలుపెట్టాయి. ఆ ఏడాది ఆగస్టు 22న, బాంబుల మధ్యలోనే, 79 ఏళ్ళ వయసులో స్ట్రిక్లాండ్ చనిపోయాడు.

తర్వాత

ఆయన పోయిన ఎనిమిదేళ్ళకి, 1948లో, ఆస్ట్రేలియా మాల్టాతో ఒక ఒప్పందం చేసుకుంది. ఈసారి డచ్ డిక్టేషన్ లేదు. ఓడ టికెట్ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వాలే భరించాయి. ఎందుకంటే ఇప్పుడు ఆస్ట్రేలియాకి మనుషులు కావాలి. తర్వాతి దశాబ్దాల్లో లక్షకి పైగా మాల్టీయులు దీవి వదిలారు, అందులో ఎక్కువమంది ఆస్ట్రేలియాకే. ఇప్పుడు ఆస్ట్రేలియాలో మాల్టీస్ మూలాలు చెప్పుకునేవాళ్ళు దాదాపు రెండు లక్షలు. 1916లో పనికిరానివాళ్ళు 1948లో పనికొచ్చారు. మధ్యలో మాల్టీయులు మారలేదు. అవతలివాళ్ళ అవసరం మారింది.

ఇంకో తమాషా. ఇప్పుడు మాల్టాలోకే జనం వస్తున్నారు. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా విదేశీయులు. అందులో మన భారతీయులు కూడా పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. నర్సులు, హోటల్ పనివాళ్ళు, బండి మీద భోజనం తెచ్చిచ్చేవాళ్ళు. వాళ్ళు ఎంతమంది రావాలి, ఎన్నాళ్ళు ఉండాలి అని మాల్టాలో వాదించుకుంటున్నారు. నూరేళ్ళ కింద తమ తాతలని ఆపిన తలుపు పక్కన ఇప్పుడు వాళ్ళు నిలబడి ఉన్నారు.

నేను స్ట్రిక్లాండ్‌ని మెచ్చుకోవాలా వద్దా? నెల రోజుల తర్వాత కూడా పూర్తిగా తేలలేదు. ఇంగ్లిష్ వస్తే తలుపు తెరుచుకుంటుంది అన్నది ఆయన నమ్మకం. సగం నిజం. తెరవాలని అవతలివాడు అనుకున్నప్పుడు మాత్రమే ఇంగ్లిష్ పనికొస్తుంది. అనుకోనప్పుడు డచ్‌లో పెడతారు. కానీ ఇంగ్లిష్‌తో పాటు ఇంటి భాషని కూడా పైకి తెచ్చాడే, అది ఏ అధికారీ ఫెయిల్ చేయలేని పని.

పక్క రూమ్ అన్నకి ఈ కథ చెప్పాను. రిజెక్ట్ అయిన రోజు నుంచి తనలోనే ఏదో లోపం ఉందని అనుకుంటున్నాడు, ఇంగ్లిష్ ఇంకా బాగా మాట్లాడి ఉండాల్సింది అని. గాంజ్ ఓడలోవాళ్ళు కూడా డచ్ నేర్చుకుని ఉండాల్సింది అనుకుని ఉంటారా అని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లేచి టీకి పోదాం రారా అన్నాడు. మళ్ళీ అప్లై చేస్తున్నాడు. అయితే ఈసారి రిజెక్ట్ అయినా అది తన మార్కుల షీట్ కాదని తెలిసి అప్లై చేస్తున్నాడు.